స్టెబిలైజర్ ఆపేసిన సాయంత్రం

సుల్తానాబాద్,
9 ఫిబ్రవరి 1988.

ప్రియమైన మీకు,

మీ రాజమణి నమస్కారాలు. జాతరకు కలిసి పోదామని మీరు సెలవు పెట్టుకొని, మందమర్రి బస్టాండులో నాకోసం పొద్దంతా ఎదురు చూశారని మా తమ్ముడు చెప్పాడు. నేను రాలేదు. దవాఖానాలో పని ఎక్కువైందని కార్డు ముక్క రాసి ఊరుకున్నాను. అది అబద్ధం కాదు గానీ, జరిగింది అంతే కాదు. కార్డు మీద రాస్తే పోస్టుమాన్ మొదలు మీ పక్క క్వార్టర్ వాళ్ల దాకా అందరూ చదువుతారని ఇప్పుడు కవర్లో పెట్టి రాస్తున్నాను. డ్యూటీకి పోయే తొందరలో చదవకండి. స్నానం చేసి, అన్నం తిని, తీరిగ్గా కూర్చొని చదవండి.

మా దవాఖానా మీరు చూసిందే. మధుసూదన్‌రావు గారు వాళ్ల అమ్మ జానకీబాయి పేరు మీద కట్టించారు. లీలాబాయి డాక్టరమ్మ, ఇద్దరు నర్సులం, అటెండర్ హనుమండ్లు, అంతే మనుషులం. ఆపరేషన్ గదిలో తెల్ల రంగు వేసిన మిషను ఒకటి ఉంటుంది. గొంతులో అడ్డం పడ్డ కఫాన్ని, నెత్తుటిని గొట్టంతో లాగి సీసాలో పోస్తుంది. సక్షన్ మిషను అంటాం. పోయిన ఏడాది మధుసూదన్‌రావు గారే హైదరాబాదు నుంచి తెప్పించారు. దానితోపాటు స్టెబిలైజర్ కూడా వచ్చింది. వోల్టేజీ కొంచెం తగ్గితే ఆ డబ్బా సర్దుకుంటుంది. మరీ కిందికి పడిపోతే మాత్రం లోపల టక్కుమని ఏదో పడి, మిషనుకు కరెంటే ఆపేస్తుంది. మళ్లీ వోల్టేజీ పెరిగి కాసేపు నిలకడగా ఉంటే గానీ ఇవ్వదు. మోటారు కాలిపోకుండా ఉండడానికే ఆ ఏర్పాటని, దాన్ని బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి చెప్పిపోయాడు. బొగ్గు బాయిలో కరెంటు పని చేసే మీకు ఈ సంగతులు నేను చెప్పేదేముంది. అయినా ఎందుకు రాస్తున్నానో ముందుకు చదివితే తెలుస్తుంది.

ఇవి యాసంగి నాట్ల రోజులు. సాయంత్రం పొలాలకు త్రీఫేజు కరెంటు ఇవ్వగానే చుట్టుపక్కల పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఇక మా బల్బుల్లో ఎర్రటి తీగ కనిపిస్తుంది తప్ప వెలుతురు ఉండదు.

నేను మీ దగ్గరికి రావాల్సిన దానికి ముందు రోజు మధ్యాహ్నం కిష్టవ్వ అనే ముసలామె మనుమరాలిని భుజాన వేసుకొని వచ్చింది. పిల్ల పేరు సుగుణ. నాలుగేండ్లుంటాయి. మెడంతా ఉబ్బిపోయింది. ఊపిరి తీస్తే గొంతులో రంపం పెట్టి కోస్తున్న చప్పుడు.

"నిన్నటిసంది బువ్వ మింగుతలేదు బిడ్డా. పొద్దటిసంది నీళ్లు గూడ దిగుతలేవు" అంది కిష్టవ్వ.

డాక్టరమ్మ నాలుక నొక్కి చూసి, నా వైపు చూసింది. కంఠసర్పి, ఇంగ్లీషులో డిఫ్తీరియా అంటారు. గొంతులో బూడిద రంగు పొర దట్టంగా పేరుకొని ఉంది. కరీంనగర్ దాకా తీసుకుపోయే వ్యవధి లేదని, అక్కడికక్కడే మెడ ముందు కోసి ఊపిరి కోసం చిన్న గొట్టం పెట్టింది. ఆ జబ్బు విషానికి విరుగుడు మందు మా దగ్గర లేదు. కరీంనగర్ పెద్దదవాఖానాకు చీటీ రాసి హనుమండ్లును బస్సెక్కించింది. మందు వచ్చేదాకా ఆ గొట్టం పూడిపోకుండా చూసుకోవాలి. కఫమూ, ఊడివచ్చే పొర ముక్కలూ ఎప్పటికప్పుడు లాగేస్తూ ఉండాలి. అది నా పని. డాక్టరమ్మ పక్క గదిలోకి పోయింది, అక్కడ కాళ్లు ముందుకు వచ్చిన కాన్పు ఒకటి ఉంది. నా జతది, ఇంకో నర్సు, ఆమెకు సాయంగా పోయింది.

పొద్దుగూకే దాకా అంతా బాగానే ఉంది. పిల్ల కళ్లు తెరిచి నావైపు చూసింది కూడా. అంతలో బల్బులు ఎర్రబడ్డాయి. టక్కుమంది. మిషను ఆగింది.

కాలితో తొక్కే పాత మిషను ఒకటి ఉంది గానీ దాని రబ్బరు చినిగిపోయి ఎప్పటినుంచో మూలన పడి ఉంది. పెద్ద సిరంజికి గొట్టం తగిలించి లాగాను. నీళ్లలాంటిది వచ్చింది, పొర రాలేదు. తలుపు దగ్గరికి పోయి, "డాక్టరమ్మా, మిషను ఆగింది" అన్నాను. "సిరంజితోటి గుంజుతుండు రాజమణీ, వోల్టేజీ వస్తది. నేనిప్పుడు చెయ్యి తియ్యరాదు" అని లోపలినుంచి అంది. ఆమె తప్పు లేదు. ఆమె చేతిలో ఇంకో బిడ్డ ప్రాణం ఉంది.

తిరిగి వచ్చేసరికి సుగుణ పెదవులు నేరేడు పండు రంగుకు వచ్చాయి. గొట్టంలోంచి గాలి రావడం లేదు. స్టెబిలైజర్ మీది ముల్లు కిందికి పడి అట్లాగే ఉంది. నేను ఎక్కువ ఆలోచించలేదండీ. మిషను వైరు స్టెబిలైజర్లోంచి పీకి నేరుగా గోడ సాకెట్లో పెట్టాను. మోటారు తిరగనా వద్దా అన్నట్టు మూలిగింది. తర్వాత మెల్లగా తిరిగింది. గొట్టం లోపలికి పోనిచ్చి లాగుతూ ఉన్నాను. మొదట ఏమీ రాలేదు. ఎడమ చెయ్యి మిషను మీద వేస్తే చుర్రుమంది. కాలుతున్న వాసన గదంతా నిండింది.

"ఏదో కాలుతుంది బిడ్డా" అంది కిష్టవ్వ గడప దగ్గర నిలబడి.

"కాలనియ్యి అవ్వా" అన్నాను.

ఆ తర్వాత తోలు ముక్కలాంటి పొర ఒకటి గొట్టం కొసకు అతుక్కొని బయటికి వచ్చింది. పిల్ల దగ్గింది. ఛాతీ లేచింది. ఇంకా లాగుతుంటే మోటారులోంచి పొగ లేచి, ఒక్క మెరుపు మెరిసి అంతటితో ఆగిపోయింది. కానీ పెద్ద అడ్డం తొలగిపోయింది. ఆ తర్వాత వచ్చిందంతా సిరంజితోనే లాగగలిగాను. కొంతసేపటికి హనుమండ్లు మందుతో దిగాడు. సుగుణ బతికింది. మొన్న మెడ గొట్టం కూడా తీసేశాం.

మరునాడు మధుసూదన్‌రావు గారు వచ్చే ముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "వైరు స్టెబిలైజర్లనే ఉండెనని చెప్పు. స్టెబిలైజర్ సరిగ్గ ఆపలేదంటే కంపెనీ వాళ్లు వచ్చి కొత్త మోటరు పెట్టిపోతరు. గ్యారంటీ ఉన్నది. ఎవ్వలికి ఏం కాదు" అంది. నేను తలూపాను. చెబుదామనే అనుకున్నాను. కానీ మధుసూదన్‌రావు గారు వచ్చీ రాగానే, "హనుమండ్లూ, వైర్లు పీకుడు, పెట్టుడు నీ పనే గద. ఏం చేసినవ్?" అన్నారు. ఆ సమయంలో అతను ఊళ్లోనే లేడన్న మాట కూడా చెప్పుకోలేకపోయాడు. ఇక నేను ఆగలేదు. "పీకింది నేను సార్, తెలిసే పీకిన" అన్నాను. ఆయన మిషను మీద వాళ్ల అమ్మ పేరు చెక్కిన ఇత్తడి రేకును చేత్తో తుడిచి, "కంపెనీ మనిషి వచ్చి చూసేదాక దీన్ని ఎవ్వరు ముట్టద్దు" అని ఆఫీసు గదిలో పెట్టించి తాళం వేసుకొని పోయారు.

డాక్టరమ్మ ఇప్పుడు నాతో ముభావంగా ఉంటుంది. నేను చేసింది తప్పో ఒప్పో చెప్పగలిగిన వాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. మిషన్ల సంగతీ, నా సంగతీ రెండూ తెలిసినవారు మీరే. జవాబు రాయండి.

మీ
రాజమణి


సుల్తానాబాద్,
13 మార్చి 1988.

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అందగానే జవాబు రాయకపోవడానికి కారణం కోపం. దాచి లాభం లేదు. "నువ్వు చేసింది తప్పే. వోల్టేజీ తక్కువైతే మోటరు కరెంటు ఎక్కువ గుంజుతది, లోపల తీగ కాలుతది, గందుకే గా స్విచ్ పడుతది. మా బాయిల స్విచ్ పడకుంట చెక్క అడ్డం పెట్టినోణ్ని ఆ దినమే ఇంటికి పంపుతరు. మిషను ఒక్కళ్లది కాదు, రేపు వచ్చెటోళ్లది గూడ" అని రాశారు. పిల్ల ఎట్లా ఉందని ఒక్క మాట అడగలేదు. ఆ ఉత్తరాన్ని పెట్టెలో అడుగున పడేసి, ఈయనకు ఇనుము తప్ప మనుషులు కనబడరు అనుకున్నాను. మీ అంత కటువుగా నేనూ ఒక జవాబు మనసులో రాసుకున్నాను. కాగితం మీద పెట్టలేదు, అదే నయమైంది.

రేపు వచ్చేవాళ్లు అని మీరు రాశారు. వాళ్లు వచ్చారు.

శంకరవ్వ అని, మొదటి కాన్పు. నెలనెలా నా దగ్గరే చూపించుకునేది. పెనిమిటి వెంకటి సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు, వారానికోసారి వచ్చిపోతాడు. అత్త దేవవ్వ బీడీలు చేస్తుంది. కోడలిని కూతురికన్నా ఎక్కువగా చూసుకునేది. ప్రతిసారీ వెంట వచ్చి, బయట బెంచీ మీద చేట పెట్టుకొని ఆకు కత్తిరించుకుంటూ కూర్చునేది. పోయిన నెల శంకరవ్వ కాళ్లు వాచాయి. ఉప్పు తగ్గించు, వారం వారం రా అని చెప్పాను. తర్వాతి వారం రాలేదు. నాట్లకు కూలికి పోయిందట.

సోమవారం మధ్యాహ్నం ఆమెను మంచం మీద వేసుకొని తెచ్చారు. దారిలోనే ఫిట్సు మొదలయ్యాయి. గుర్రపువాతం, నిండు చూలాలికి బీపీ పెరిగి వచ్చేది. డాక్టరమ్మ సూది మందు ఇచ్చి, నోట్లో గుడ్డ చుట్టిన చెంచా పెట్టించి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. మళ్లీ వచ్చింది ఫిట్. నోరంతా నురగ, నాలుక కొరుక్కున్న నెత్తురు. గొంతు నిండిపోయి గురగురలాడుతోంది. డాక్టరమ్మ తల ఎత్తకుండానే చెయ్యి చాపి "సక్షన్" అంది. ఏడాది నుంచి అలవాటు, అది అట్లాగే వచ్చేస్తుంది. చాపిన చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది. తర్వాత ఆమే వెనక్కి తీసుకుంది. నా మొహం వైపు చూడలేదు.

పాత తొక్కుడు మిషను రబ్బరుకు హనుమండ్లు సైకిలు షాపులో ప్యాచీ వేయించి పెట్టాడు. తెచ్చి తొక్కాను. గాలంతా ఆ ప్యాచీ దగ్గర్నుంచే పోయింది. సిరంజితో లాగాం, బట్టతో తుడిచాం, చేతివేళ్లతో తీశాం. బిడ్డను బయటికి తీశాం. ఆడపిల్ల, తూకం తక్కువ, అయినా ఏడ్చింది. శంకరవ్వను జీపులో కరీంనగర్ తీసుకుపోయాం. తల నా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. కరీంనగర్ పొలిమేర చేరకముందే ఆ గురగుర ఆగిపోయింది. ముందు సీట్లో కూర్చున్న దేవవ్వ వెనక్కి తిరిగి, "జర నిమ్మళమైనట్టున్నది గదా సిస్టరమ్మా" అంది. నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

మిషను ఉంటే బతికేదా? డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేం రాజమణీ, అప్పటికే చాల ఆలస్యమైంది" అంది. నాకు తెలియదు, ఆమెకు తెలియదు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అదే నన్ను తినేస్తోంది. తాళం వేసిన తర్వాత నేను మధుసూదన్‌రావు గారిని రెండుసార్లు అడిగాను. కంపెనీకి రాశాం, జవాబు రాలేదు అన్నారు. మూడోసారి అడగలేదు. చేసినదానివి నువ్వే, మళ్లీ అడుగుతున్నావా అంటారేమోనని మొహం చెల్లలేదు. ఆ రోజు డాక్టరమ్మ చెప్పినట్టు వైరు స్టెబిలైజర్లోనే ఉండెనని ఒక్క అబద్ధం ఆడి ఉంటే, ఈపాటికి కొత్త మోటారు వచ్చి ఉండేది. నిజం చెప్పి ఒకరిని కాపాడాననుకున్నాను. సుగుణను బతికించాననుకున్నాను. రెండూ మంచి పనులే అనుకున్నాను. ఆ రెండూ కలిసి ఎక్కడికి పోయి ఆగాయో చూడండి.

దవాఖానాలో నాకు చేతులు ఆడటం లేదు. నిన్న ఒకామెకు సూది వేయబోయి, సిరంజి ట్రేలో పెట్టేసి నా జతదాన్ని పిలిచాను. సాయంత్రం బల్బు ఎర్రబడితే చాలు, చెవులు రిక్కించుకొని వింటున్నాను. ఇప్పుడు అక్కడ టక్కుమనడానికి కూడా ఏమీ లేదు, అయినా వింటున్నాను.

అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. ఈ పని వదిలేస్తాను. రాజీనామా రాసి డాక్టరమ్మకు ఇచ్చాను. ఏప్రిల్ నెలంతా పని చేసి మే మొదటి వారంలో మందమర్రికి వచ్చేస్తాను. పెండ్లయినప్పటినుంచీ మీరు అడుగుతున్నది ఇదే కదా. షిఫ్టు నుంచి వచ్చి చల్లటి పొయ్యి ముందు కూర్చోవడం ఎంత కష్టమో మీరు చెప్పిన ప్రతిసారీ నేనేదో ఒక సాకు చెప్పాను. ఇక చెప్పను. ఒక్కటే కోరిక. అక్కడ దవాఖానాలో చేరమని మాత్రం ఎప్పుడూ అడగకండి. నన్ను ఎవరైనా సిస్టరమ్మా అని పిలిస్తే ఇక పలకలేను.

మీరు రాసిందే నిజమైంది. అందుకు మీమీద కోపం లేదు.

మీ
రాజమణి


సుల్తానాబాద్,
24 ఏప్రిల్ 1988.

ప్రియమైన మీకు,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. క్వార్టర్‌కు సున్నం వేయించారని, వంటింట్లో అలమారా చేయించారని, నేను వచ్చే రోజుకు సెలవు కూడా అడిగి పెట్టుకున్నారని చదివాను. ఒకసారి కాదు, పదిసార్లు చదివాను. చివర్న చిన్న అక్షరాలతో, "పోరి ఎట్లున్నదని అడగకపోవుడు నాదే తప్పు, రోజంత మిషన్ల నడుమ ఉండి నాకు గట్ల అలవాటైంది" అని రాశారు. ఆ ఒక్క మాట కోసం నేను ఫిబ్రవరి నుంచి కాచుకొని ఉన్నాననిపించింది. మీరు నాకోసం ఇంత చేసిన తర్వాత ఇది రాయడం ఎంత కష్టంగా ఉందో చెప్పలేను. అయినా ముందే చెప్పేస్తాను, తర్వాత జరిగింది చెబుతాను. నేను రావడం లేదు.

ఏప్రిల్ మొదట్లో దేవవ్వ బిడ్డను ఎత్తుకొని వచ్చింది. శంకరవ్వ పోయిన తర్వాత ఆమెను చూడడం అదే మొదటిసారి. బిడ్డ పిడికెడంత ఉంది. పాలు చప్పరించలేకపోతోంది. నేను లోపలి గదిలోకి తప్పుకుందామనుకున్నాను. కానీ నా జతది సెలవులో ఉంది, డాక్టరమ్మ ఆపరేషన్లో ఉంది. బయటికి రాక తప్పలేదు. ఉగ్గుగిన్నెలో పాలు పోసి, చుక్క చుక్కగా ఎట్లా తాగించాలో చూపిస్తున్నాను. దేవవ్వ నా చేతుల వైపే చూస్తోంది.

"నువ్వు గా కిష్టవ్వ మనుమరాలిని బతికిచ్చినవట గదా" అంది.

"అవును."

"గప్పుడే మిషిని కాలిందట. మా శంకరవ్వకు గదే మిషిని కావాలెనట. ఊళ్లె అంటుండ్రు. నిజమేనా?"

"నిజమే దేవవ్వా. కాలబెట్టింది నేనే." ఇంకేదో చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు గవన్ని చెప్పకు. నిన్ను తిట్టిపోదామని రాలే, నీ తప్పేం లేదని చెప్పిపోదామని గూడ రాలే. ఒక్కటి చెప్పు. గా మిషిని ఇప్పుడు యాడున్నది?"

ఆఫీసు గది వైపు చూపించాను. తలుపుకు తాళం. ఆమె లేచి పోయి తాళాన్ని పట్టుకొని చూసింది.

"గిన్ని దినాలసంది గిట్లనే ఉన్నదా?"

"అట్లనే ఉన్నది."

ఆమె ఆ తలుపుకు ఆనుకొని, బిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మధ్యాహ్నమైంది, లేవలేదు. డాక్టరమ్మ వచ్చి చెప్పింది, లేవలేదు. సంగతి ఎట్లా తెలిసిందో గానీ కిష్టవ్వ కూడా వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. నేను వార్డులో పని చేసుకుంటూ రెండుసార్లు వాళ్ల ముందునుంచి అటూ ఇటూ పోయాను. మూడోసారి పోలేకపోయాను. పోయి వాళ్లతోపాటు కింద కూర్చున్నాను. రాజీనామా ఇచ్చినదాన్ని, ఇక నాకు పోయేదేముంది అనుకున్నాను. నిజానికి ఆ క్షణంలో అది కూడా అనుకోలేదు.

మధుసూదన్‌రావు గారు సాయంత్రం వచ్చారు.

"ఏంది దేవవ్వా, గిట్ల కూసున్నవ్?"

"తాళం తియ్యి దొరా."

"కంపెనీ మనిషి రావాలె. వాడు చూడకముందు విప్పితే గ్యారంటీ పోతది."

"గ్యారంటీ అంటే ఏంది దొరా?"

"చెడిపోతే మేం బాగు చేసిస్తమని వాళ్లిచ్చిన మాట" అన్నారు.

"మాటిచ్చినోడు రాలే గద. నా కోడలు పాయె. ఇంకెవ్వలు పోయేదాక చూస్తవ్?"

నేను లేచి నిలబడ్డాను. "సార్, నేను వైరు పీకిన దినమే గ్యారంటీ పోయింది. ఆ దినమే మీకు చెప్పిన. ఎవరొచ్చి చూసినా ఇంకో సంగతి తేలది" అన్నాను.

మధుసూదన్‌రావు గారు చెడ్డవారు కాదు. ఆయన మొహం చూస్తే అప్పుడు అర్థమైంది. "మా అవ్వ ఆఖరి దినాలల్ల గొంతుల కఫం అడ్డంపడి బాధపడ్డది రాజమణీ. గందుకే గా మిషను తెప్పిచ్చిన. అది కాలిందంటే నాకు మనసుల పడలే. ఎందుకు కాలిందో నాకు కంపెనీ వాడే చెప్పాలె అనిపిచ్చింది" అన్నారు. జేబులోంచి తాళంచెవి తీసి నాకు ఇవ్వలేదు, దేవవ్వకు ఇచ్చారు. ఆమె తీసింది.

మరునాడు హనుమండ్లూ నేనూ మిషనును బస్సు మీద పెట్టించుకొని పెద్దపల్లి పోయాం. మోటార్లకు తీగ చుట్టే సిద్దిరాములు దుకాణం మీకు తెలిసే ఉంటుంది, స్టేషను దగ్గర. దుకాణం ముందు కాలిపోయిన పొలం మోటార్లు కుప్పగా ఉన్నాయి. అతను మా మోటారు విప్పి, లోపల నల్లబడిన తీగ చుట్టను గోటితో గీకి చూసి, "గింతే గదమ్మా. పొద్దున తెచ్చిండ్రు, పొద్దుమీకి తీస్కపోతరు" అన్నాడు.

నేను ఆ మోటార్ల కుప్ప పక్కనే కూర్చుండిపోయాను. ఒక్క రోజు పని. మిషను గదిలో పడి ఉన్న రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఎవరమైనా దాన్ని బస్సు ఎక్కించి ఉంటే చాలు. హనుమండ్లు నాకు నీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కన నిలబడ్డాడు. నన్ను ఎవరూ ఆపలేదండీ. తాళం ఆయన వేశారు, నిజమే. కానీ నేను ఆయన గుమ్మం ముందు కూర్చోలేదు. తప్పు చేశాననే సిగ్గుతో మూలన ఉన్నాను. ఆ సిగ్గే నేను వైరు పీకడం కన్నా పెద్ద నష్టం చేసింది. ఇప్పుడు మందమర్రికి వచ్చి సున్నం వేసిన గదిలో కూర్చుంటే, మళ్లీ అదే సిగ్గుతో ఇంకో మూలన కూర్చున్నదాన్నవుతాను. మీ ఇంటికి రావడం అట్లా వద్దు. మీరు పిలిచినందుకు రావాలి గానీ, ఇక్కడినుంచి పారిపోయి రాకూడదు.

మిషను ఇప్పుడు ఆపరేషన్ గదిలో ఉంది. స్టెబిలైజర్ మీద కూడా ఎవరూ చెయ్యి వేయలేదు. వోల్టేజీ పడితే అది ఆపేస్తూనే ఉంది, ఆపనీ. డాక్టరమ్మ కరీంనగర్ నుంచి తొక్కుడు మిషనుకు కొత్త రబ్బరు తెప్పించింది. సాయంత్రాలు దాన్ని మంచం పక్కనే పెడుతున్నాం. గంటసేపు తొక్కితే పిక్కలు పట్టేస్తాయి, ఒకరు మారితే ఒకరు తొక్కాలి. అందుకు కూడా ఇక్కడ మనిషి కావాలి. నా రాజీనామా కాగితం అడిగితే డాక్టరమ్మ తన బల్ల సొరుగులోంచి తీసి ఇచ్చింది. "నేను సారుకు పంపలే. నీకు జర ఊపిరి తిరగనీ అని ఊకున్న" అంది.

మీరు తప్పు అన్నది తప్పే. మిషను రేపటివాళ్లది కూడా. అయినా మళ్లీ ఆ సాయంత్రమే వచ్చి, సుగుణ పెదవులు ఆ రంగుకు వస్తే, నా చెయ్యి ఆ వైరు మీదికే పోతుంది. అయితే మరునాడు పొద్దున్నే మోటారును నేనే నెత్తిన పెట్టుకొని పెద్దపల్లి పోతాను. మీకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇంతే.

మీకు కోపం వస్తుంది. సున్నం వేయించుకున్న ఇంట్లో ఒంటరిగా కూర్చొని ఇది చదువుతారు. ఆ కోపాన్ని ఉత్తరంలో పెట్టకుండా, వచ్చే ఆదివారం బస్సెక్కి రండి. నా ఎదుటే కోప్పడండి. నాకోసం పెట్టుకున్న ఆ సెలవును వృథా పోనివ్వకండి. వంకాయ కూర చేస్తాను. మనం ఎట్లా బతకాలో, ఎవరు ఎక్కడికి రావాలో ఇద్దరం కూర్చొని మాట్లాడుకుందాం. ఇన్నాళ్లూ మీరు అడగడం, నేను తప్పించుకోవడమే గానీ, ఒక్కసారి కూడా కూర్చొని మాట్లాడుకోలేదు.

పెద్దపల్లి నుంచి వచ్చిన సాయంత్రమే దేవవ్వ ఇంటికి పోయి, అది ఒక్క రోజు పనేనని చెప్పాను. ఆమెకు తెలియాలి అనిపించింది. బీడీలు చుడుతున్న చేతులు ఆగాయి. కొంగు నెత్తిమీదికి లాక్కొని లోపలికి పోయింది. ఇక నా మొహం చూడదనుకున్నాను.

మరునాడు పొద్దున్నే వచ్చింది. అప్పటినుంచి రోజూ వస్తోంది. బిడ్డ ఇప్పుడు కొంచెం ఒళ్లు చేసింది, పాలు చప్పరిస్తోంది. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడదు. నా జతది చెయ్యి చాపితే బిడ్డను ఇవ్వదు. నేను వార్డులో పని ముగించుకొని వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటుంది. వచ్చాక, మొహం పక్కకు తిప్పుకొని, బిడ్డను నా చేతుల్లో పెడుతుంది.

మీ
రాజమణి